గమ్ముతో మొక్కలు అంటిస్తే నిలుస్తాయా? సూపర్ గ్లూ జెల్ రివ్యూ

అందరికీ నమస్తే, హన్మకొండ నుంచి. ఈసారి రివ్యూ చేపలది కాదు, గమ్ముది. ఆక్వేరియంలో బొమ్మలకు, రాళ్లకు బతికున్న మొక్కల్ని అంటించొచ్చా అంటే, అంటించొచ్చు. కానీ పలచటి గమ్ము తేకండి, జెల్ తెండి.

రెండిట్లోనూ ఉండే సరుకు సైనోఅక్రిలేటే. తేమ తగిలితేనే గట్టిపడుతుంది కాబట్టి తడి మొక్కకూ పట్టుకుంటుంది. పూర్తిగా గట్టిపడ్డాక చేపలకు ఇబ్బంది లేదు. పలచటిదైతే ఆకుల మీదికి కారుతుంది, మీ వేళ్లు కూడా అంటుకుంటాయి. కారితే దూదితో తుడవొద్దు, దూదికి తగిలితే చుర్రుమని వేడెక్కుతుంది. జెల్‌కి ఈ గొడవ తక్కువ, పెట్టినచోటే కూర్చుంటుంది.

ఇదిగో, ఇది అనుబియాస్. అడ్డంగా పాకే ఈ లావు కాండం కనిపిస్తోందా? రైజోమ్ అంటారు. ఇసుకలో పూడిస్తే కుళ్లుతుంది. అందుకే దీనికీ, జావా ఫెర్న్‌కీ గమ్ము పద్ధతి మస్తు కుదురుతుంది. వాలిస్నేరియాకి వద్దు, దాని వేర్లు ఇసుకలోనే ఉండాలి. కాండం కింద తడి ఒత్తేసి, కందిగింజంత చుక్క రెండు చోట్ల పెట్టి, కాసేపు నొక్కి పట్టుకోండి. గంతే, నీళ్లలో దించెయ్యండి. కాండమంతా పూస్తే కొత్త వేర్లకు చోటుండదు.

అసలు తేడా దేనికి అంటిస్తున్నామన్న దగ్గరే వస్తుంది. ఈ రెజిన్ కోట బొమ్మ నున్నగా ఉంది, మొక్క వేరు పట్టేలోపే గమ్ము పెచ్చులా లేచిపోవచ్చు. గరుకుగా ఉన్న మూల వెతికి అంటించండి. షోకేసులో పెట్టే కాకతీయ తోరణం బొమ్మ ఎంత ముద్దొచ్చినా ట్యాంకులో వేయకండి, ఆ రంగు నీళ్ల కోసం వేసింది కాదు. నా ఓటు మన దగ్గర దొరికే గ్రానైట్ ముక్కకే. పాలిష్ పెట్టింది కాదు, పగిలిన గరుకు ముక్క. అది నీళ్లలో కరగదు. రాయి మీద అనుమానముంటే వెనిగర్ చుక్క వేయండి, నురగొస్తే అది సున్నపురాయి లాంటిది, మెల్లగా కరిగి నీళ్లను ఇంకా కఠినం చేస్తుంది. అసలే బోరు నీళ్లు కఠినంగా ఉన్న ఇళ్లలో దాన్ని పక్కన పెట్టండి.

నచ్చనిదేంటంటే, నీళ్లు తగలగానే గమ్ము తెల్లగా మారి మరకలా కనిపిస్తుంది. పైన కాస్త నాచు (పాకుడు కాదు, ఆక్వేరియం మాస్ మొక్క) పెడితే కప్పేస్తుంది. ఆ నాచుకు గమ్ము దండగ, నూలు దారం చాలు. అది కుళ్లిపోయేలోపు నాచే రాయిని పట్టుకుంటుంది.

ఇంకోటి, మే నెలలో ఆకులు కరిగిపోతే గమ్మును తిట్టకండి, ముందు థర్మామీటర్ చూడండి.