మిగ్ వెల్డింగ్: గ్యాస్ వైరా, గ్యాస్‌లెస్ వైరా?

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. ఈ రోజు గ్యారేజీలో మిగ్ మెషిన్ దగ్గరున్నాం. అంటే, వైర్‌ని ఆగకుండా అందిస్తూ, దాన్నే కరెంటుతో కరిగించి ఇనుమును అతికే మెషిన్. బల్ల మీద రెండు స్పూళ్లు పెట్టాను, చూడండి. రాగి పూతతో మెరుస్తున్నది సాలిడ్ వైర్. మసకగా ఉన్నది గ్యాస్‌లెస్ వైర్. విదేశాల్లో ఉంటున్న మనవాళ్లలో సెలవు రోజు గ్యారేజీలో వెల్డింగ్ మొదలుపెట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. మెషిన్ ఇంటికొచ్చాక అందరూ ఆగేది ఇక్కడే: గ్యాస్ సిలిండర్ పెట్టుకోవాలా, గ్యాస్‌లెస్‌తో కానిచ్చేయాలా? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏది గొప్పది అని చూడొద్దు. ఎక్కడ నిలబడి, ఎంత మందం ఇనుము అతుకుతున్నారో చూడండి.

కరిగిన ఇనుముకు గాలి తగిలితే అతుకు లోపల బుడగలు మిగిలిపోతాయి. పైకి బాగానే కనిపించినా బలం ఉండదు. అందుకే ఆ కరిగిన చోటుకు గాలి తగలకుండా ఒక అడ్డు కావాలి. సాలిడ్ వైర్‌కి ఆ అడ్డు సిలిండర్ నుంచి వస్తుంది. మామూలు ఇనుముకు 75 శాతం ఆర్గాన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాస్ ఎక్కువగా వాడతారు. ఒట్టి కార్బన్ డయాక్సైడ్‌తో కూడా పని జరుగుతుంది, కాకపోతే కరిగిన ఇనుము తుంపర్లు ఎక్కువ. ఇక గ్యాస్‌లెస్ వైర్ అంటే సన్నటి గొట్టం, లోపల ఫ్లక్స్ పొడి ఉంటుంది. ఆ పొడి కాలినప్పుడు వచ్చే వాయువులు, పైన పెచ్చులా పేరుకునే స్లాగ్ కలిసి అతుకును కాపాడతాయి.

ముందు పలచటి రేకు. ఇది 1 మిల్లీమీటర్ మందం. మెషిన్‌లో 0.6 మిల్లీమీటర్ల సాలిడ్ వైర్, గ్యాస్ నిమిషానికి 12 లీటర్లు. సెట్టింగ్ కుదిరిందో లేదో చెవికే తెలుస్తుంది, ఆగకుండా ఒకేలా చిటపట. బీడ్, అంటే అతుకు గీత, శుభ్రంగా వచ్చింది, పైన గీకాల్సిందేమీ లేదు. ఇదే రేకు మీద గ్యాస్‌లెస్ వైర్ ఆపకుండా లాగితే కన్నం పడడానికి ఎంతోసేపు పట్టదు. వేడి లోపలికి దిగిపోతుంది. కారు బాడీ పని లాంటివి చేయాలనుకుంటే ఇంకో ఆలోచన వద్దండీ, గ్యాస్ పెట్టుకోండి.

ఆరుబయట గేటు, కంచె, ట్రైలర్ పని అయితే లెక్క మారిపోతుంది. గాలి గంటకు 8 కిలోమీటర్లు దాటిందంటే నాజిల్, అంటే వైర్ బయటకొచ్చే మూతి, నుంచి వచ్చే గ్యాస్‌ని పక్కకు తోసేస్తుంది. గ్యారేజీ తలుపు తీసి ఫ్యాన్ మీ వైపు తిప్పినా అదే జరుగుతుంది. అలాంటి చోట గ్యాస్‌లెస్ వైరే మేలు. సిలిండర్ మోసుకెళ్లే పని కూడా ఉండదు. కాస్త మందమైన ఇనుములోకి వేడి బాగా దిగుతుంది. గాజులా మెరిసేంత శుభ్రం చేయకపోయినా సరే, తుప్పు, రంగు మాత్రం గ్రైండర్‌తో తీసేయండి.

ఇప్పుడు అసలు విషయం, దయచేసి ఇది దాటేయకండి. మెషిన్ పక్క తలుపు తీస్తే లోపల ప్లస్, మైనస్ టెర్మినళ్లు కనిపిస్తాయి. గ్యాస్‌తో సాలిడ్ వైర్ వాడేటప్పుడు టార్చ్ (చేత్తో పట్టుకుని వెల్డ్ చేసేది) ప్లస్‌కి, ఎర్త్ క్లాంప్ (ఇనుముకు తగిలించే క్లిప్పు) మైనస్‌కి. మనం ఇళ్లలో వాడే ఈ71టీ-జీఎస్, ఈ71టీ-11 రకం గ్యాస్‌లెస్ వైర్లకు దీనికి తలకిందులు: టార్చ్ మైనస్‌కి, ఎర్త్ ప్లస్‌కి. ఇది మార్చకుండా మొదలుపెడితే తుంపర్లు నలుదిక్కులా ఎగురుతాయి, బీడ్ పేరుకుపోతుంది, వైర్ మంచిది కాదనుకుంటారు. మెషిన్ ప్లగ్ తీసేశాకే ఆ నట్లు ముట్టుకోండి. వైర్‌ని ముందుకు తోసే రోలర్ కూడా చూసుకోవాలి. గ్యాస్‌లెస్ వైర్ మెత్తగా ఉంటుంది కాబట్టి పళ్లున్న రోలర్ వేసి, ఒత్తిడి తక్కువగా పెట్టాలి. బిగిస్తే గొట్టం నలిగిపోతుంది.

చేతి కదలిక కూడా మారుతుంది. గ్యాస్‌తో అయితే టార్చ్‌ని ముందుకు తోయొచ్చు, బీడ్ చదునుగా వస్తుంది. గ్యాస్‌లెస్‌తో మాత్రం వెనక్కి లాగాలి, లేకపోతే స్లాగ్ లోపల చిక్కుకుంటుంది. ఇదిగో, ఇప్పుడే వేసిన బీడ్ మీద బూడిద రంగు పెచ్చు. చల్లారాక చిప్పింగ్ హామర్‌తో కొడితే ఊడొస్తుంది, తర్వాత వైర్ బ్రష్. దీని మీద రెండో వరస వేయాలంటే ఆ స్లాగ్ పూర్తిగా పోవాల్సిందే.

పొగ సంగతి. గ్యాస్‌లెస్‌లో పొగ బాగా ఎక్కువ. తల ఆ పొగలో పెట్టి పని చేయకండి, పొగకు సరిపడే మాస్క్ పెట్టుకోండి. జింక్ పూత ఉన్న ఇనుమైతే ఆ పూత గ్రైండ్ చేశాకే వెల్డ్ చేయండి. జింక్ పొగ పీలిస్తే చలిజ్వరం వచ్చినట్టు అయిపోతుంది.

అల్యూమినియం చేయాలనుకునే వాళ్లు ఈ గ్యాస్‌లెస్ ఊసు మర్చిపోవచ్చు. దానికి ఒట్టి ఆర్గాన్, అల్యూమినియం వైర్ కావాలి.

నన్నడిగితే, రెండూ నడిచే మెషిన్ తీసుకోండి. గ్యారేజీ లోపల పలచటి పనులే ఎక్కువైతే సిలిండర్, ఆరుబయట పనులే ఎక్కువైతే ఒక గ్యాస్‌లెస్ స్పూల్‌తో మొదలుపెట్టండి. సిలిండర్ తెచ్చుకుంటే నిలబెట్టి గొలుసుతో గోడకు కట్టండి, పని అయ్యాక వాల్వ్ మూసేయండి. గ్యాస్‌లెస్ స్పూల్‌ని మెషిన్‌లోనే వదిలేయకండి. తేమ తగిలితే ఆ ఫ్లక్స్ వల్లే బీడ్‌లో కన్నాలు పడతాయి. బయటకు తీసి, గాలి చొరబడని కవర్లో మూసి పెట్టండి.