కొండ దిగి తీరానికి చేరిన ఫిరంగులు: ఇంగ్లండ్, 1944

అందరికీ నమస్కారం.

1944 జూన్ 13న జర్మనీ లండన్ మీదికి వి-1 బాంబులు వదలడం మొదలుపెట్టింది. ఇవి పైలట్ లేకుండా తమంతట తామే ఎగిరొచ్చే బాంబులు. గంటకు 560 నుంచి 640 కిలోమీటర్ల వేగం, 600 నుంచి 900 మీటర్ల ఎత్తు. బ్రిటన్ విమాన విధ్వంసక ఫిరంగి దళాన్ని చిక్కులో పడేసింది ఈ ఎత్తే. 40 మి.మీ. బోఫోర్స్ అనే తేలికపాటి ఫిరంగికి అది ఎక్కువ. 3.7 అంగుళాల భారీ ఫిరంగికి అందుతుంది గానీ, లారీ వెనక లాక్కెళ్ళే రకాన్ని చేత్తో తిప్పాలి. అంత కింద నుంచి దూసుకుపోయేదాని వెంట గొట్టం తిరగలేకపోయేది.

లెక్క చూడండి. గంటకు 580 కిలోమీటర్లంటే సెకనుకు 160 మీటర్లు. గుండు 8 సెకన్లు గాల్లో ఉంటే, బాంబు ఈలోగా ముప్పాతిక మైలు దాటిపోతుంది. ఆ ముందు చోటును లెక్కకట్టే యంత్రమే ప్రిడిక్టర్. గుండు ఎన్ని సెకన్లకు పేలాలో దాని ఫ్యూజులో, అంటే గుండును పేల్చే పరికరంలో, ముందే తిప్పి పెట్టాలి. అందులో పదో వంతు సెకను తేడా వచ్చినా పేలుడు పదుల మీటర్లు తప్పుతుంది.

మొదట ఫిరంగులు లండన్‌కు దక్షిణాన నార్త్ డౌన్స్ గుట్టల మీద ఉండేవి. గుట్టల మధ్య రాడార్‌కు చూపు ఆనదు. కూల్చిన బాంబు కెంట్ పల్లెల మీదే పడేది. సొంత యుద్ధవిమానాలు ఫిరంగులకు అడ్డొచ్చేవి. ఫిరంగుల్ని తీరానికి మార్చాలని జులై 13న నిర్ణయం జరిగింది. 17 నాటికల్లా భారీ ఫిరంగులు సెయింట్ మార్గరెట్స్ బే నుంచి కుక్మీర్ హేవెన్ దాకా తీరం వెంబడి నిలబడ్డాయి. దాదాపు 23,000 మంది స్త్రీ పురుషులు తరలివెళ్ళారు. రాడార్, ప్రిడిక్టర్ల దగ్గర పనిచేసిన ఆడవాళ్ళు చాలామంది.

చేత్తో తిప్పే రకం బదులు తెచ్చిన, విద్యుత్తుతో తిరిగే స్థిర ఫిరంగికి కాంక్రీటు దిమ్మె కావాలి. అది గట్టిపడేదాకా ఆగే వ్యవధి లేదు. అందుకని రైలు పట్టాలు, స్లీపర్లు అడ్డదిడ్డంగా పేర్చి బిగించి దాని మీదే ఫిరంగి నిలిపారు. దళాధిపతి జనరల్ ఫ్రెడరిక్ పైల్ పేరు మీద దాన్ని 'పైల్ పరుపు' అన్నారు. నా దృష్టిలో ఈ కథలో దక్కాల్సినంత గౌరవం దక్కనిది ఇదే. ఇలాంటి పునాది మీద జాగ్రత్త పడాల్సింది ఒకటుంది: కాల్పుల అదురుకు అడుగునేల ఒకవైపు కుంగితే ఫిరంగి వాలుతుంది. ప్రిడిక్టర్ కోణాలన్నీ సమతలం నుంచే లెక్క. పావు డిగ్రీ వాలితే 5 కిలోమీటర్ల దూరాన 20 మీటర్లకు పైగా గురి తప్పుతుంది. అందుకే లెవెల్ మళ్ళీమళ్ళీ సరిచూడాలి.

అమెరికా నుంచి ఎస్‌సీఆర్-584 రాడార్ వచ్చింది. లక్ష్యాన్ని పట్టుకున్నాక దానంతట అదే వెంబడిస్తుంది. దానితోపాటే సామీప్య ఫ్యూజు. దీనికి సెకన్లు తిప్పి పెట్టే పని లేదు. గుండులో ఉండే చిన్న రేడియో, వి-1 దగ్గరపడగానే గుండును పేలుస్తుంది. గెలుపంతా ఈ ఫ్యూజుదేనని చాలామంది చెబుతారు. నేను ఒప్పుకోను. గురి తప్పిన గుండు ఊళ్ళ మీద పడే చోట దాన్ని ధైర్యంగా కాల్చలేరు. ముందు సముద్రం ఉండబట్టే కాల్చగలిగారు. తీరానికి వచ్చిన తొలి వారంలో ఫిరంగులు తమ పరిధిలోకి వచ్చిన బాంబుల్లో 17 శాతం కూల్చాయి. ఆగస్టు చివరికి అది 74 శాతం.

సెప్టెంబరు నుంచి జర్మన్లు ప్రధానంగా ఉత్తర సముద్రం మీద విమానాల నుంచే వి-1లు వదిలారు. ఫిరంగులు మళ్ళీ మూటాముల్లె సర్దుకుని తూర్పు తీరానికి తరలాయి.