ఒక్క సెట్టే ఉందండీ

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఆదివారం పొద్దున నిద్ర మానుకొని చిక్కడపల్లి దాకా వచ్చిన పాఠక మిత్రులకు నమస్కారం. నన్ను పరిచయం చేసిన మిత్రులు చెప్పిన మాటల్లో సగం వారి మర్యాద, మిగతా సగం నా వయసు. ఇంగ్లీషులో అందరికీ తెలిసిన ఒక చిన్న మాటను తీసుకొని దాని అర్థాల గురించి మాట్లాడమన్నారు. నేను ‘సెట్’ అనే మాటను ఎంచుకున్నాను. ఎందుకు ఎంచుకున్నానో చివరలో చెబుదామని కాగితం మీద రాసుకున్నాను గానీ, అంతదాకా ఆగగలనో లేదో నాకే నమ్మకం లేదు.

1989లో 20 సంపుటాలుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు రెండో కూర్పులో అన్నిటికన్నా పెద్ద ఆరోపం, అంటే ఒక మాట కింద ఇచ్చే వివరణ మొత్తం, ఈ మూడక్షరాల మాటదే. దానికి 430 అర్థాలు చూపించారు, వివరణకు దాదాపు 60,000 మాటలు పట్టాయి. తర్వాతి సవరణలో ‘రన్’ అనే క్రియ 645 అర్థాలతో దీన్ని దాటిపోయిందని 2011లో వార్త వచ్చింది. అయినా నా ఓటు సెట్‌కే.

అసలు ఇది ఒక మాట కాదు, ఒకే చొక్కా తొడుక్కున్న ఇద్దరు మనుషులు. ‘ఉంచు, నిలుపు, కూర్చోబెట్టు’ అనే అర్థమిచ్చే క్రియ పాత ఇంగ్లీషు నుంచి వచ్చింది. ‘గుంపు, జత’ అనే అర్థమిచ్చే నామవాచకం లాటిన్‌లో ‘వెంట నడిచేవారు’ అనే అర్థమున్న మాట నుంచి పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది. పలికే తీరు ఒక్కటే కావడంతో కాలక్రమాన రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. మొదటిదాని మూలానికీ, ‘కూర్చొను’ అనే అర్థమున్న సంస్కృత ‘సద్’ ధాతువుకూ చుట్టరికం ఉంది. సదస్సు, ఉపనిషత్తు, పరిషత్తు ఆ ధాతువు నుంచి పుట్టినవే. కనుక 1943లో ఆంధ్ర సారస్వత పరిషత్తుగా మొదలై ఇప్పుడు తిలక్ రోడ్డులో తెలంగాణ సారస్వత పరిషత్తుగా ఉన్న సంస్థ పేరులో కూడా ఈ మాటకు ఒక దూరపు బంధువు కూర్చొని ఉన్నాడు.

ఇక మన నగరంలో దీని వాడకం చూడండి. పొద్దున టిఫిన్ బండి దగ్గర సెట్ దోశ తింటాం. అక్కడినుంచి ఇంటికి వెళ్లేలోపు ఫోను మోగి, ఫలానావారి అమ్మాయికి సంబంధం సెట్ అయిందని తెలుస్తుంది. సాయంత్రం ఒక కుర్రవాడు ‘ఈ ఉద్యోగం నాకు సెట్ కాదు’ అంటాడు. సినిమావాళ్లు సెట్ వేస్తారు. దానినే సెట్టింగ్ అని కూడా అంటారు గానీ, ఆఫీసులో ‘సెట్టింగ్ చేశాడు’ అంటే అక్కడ రంగులూ లేవు, చెక్కలూ లేవు, చాటుమాటు ఏర్పాటు మాత్రమే ఉంది. ఎంసెట్‌లోని సెట్ అసలు ఈ మాటే కాదు, ప్రవేశపరీక్ష పేరులోని పొడి అక్షరాలు. అయినా అందులో ర్యాంకు వస్తే జీవితం సెట్ అవుతుందని తల్లిదండ్రులు అనుకునేవారు, ఆ పరీక్ష హాల్లో పిల్లలు సెట్ కోడు దిద్దేవారు. ఒక్క గదిలో మూడు సెట్లు!

స్లాబు పోసిన మేస్త్రీ ‘సెట్ కానీయండి సార్, తొక్కకండి’ అంటాడు. భారతీయ ప్రమాణాల ప్రకారం సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు 30 నిమిషాల లోపు బిగుసుకోవడం మొదలుకాకూడదు, 600 నిమిషాలు దాటకుండా ఆ బిగుసుకోవడం పూర్తి కావాలి. మా ఇల్లు కట్టిన మేస్త్రీకి ఈ అంకెలతో పని లేకపోయింది. అంచు దగ్గర బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి, గుర్తు ఎంత లోతు పడిందో చూసి చెప్పేవాడు.

ఇక్కడ నేను వ్యాకరణంలోకి వెళ్లాలి. కాగితంలో అలాగే ఉంది. కానీ ఈ మాటను ఎందుకు ఎంచుకున్నానో ఆ కారణం చెప్పకుండా ముందుకు పోలేకపోతున్నాను, మన్నించండి.

1984లో నేను ఒక కార్యాలయంలో గుమాస్తా ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లాను. ఆ కార్యాలయం పేరు చెప్పను, ఇప్పుడు అనవసరం. సూర్యాపేట దగ్గరి పల్లెలో పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివినవాణ్ణి, డిగ్రీ కూడా అదే వరసలో పూర్తి చేసినవాణ్ణి. వాళ్లు పంపిన ఉత్తరంలో సర్టిఫికెట్ల నకళ్లు రెండు సెట్లు, గెజిటెడ్ అధికారి సంతకంతో తెమ్మని ఉంది. కోఠీలో జిరాక్సు తీయించడానికి నిలబడినప్పుడు లెక్క చూసుకుంటే, నా దగ్గరున్న డబ్బు ఒక సెట్టుకూ తిరుగు బస్సుకూ సరిపోయింది. రాత్రంతా నా తలలో ఆ రెండో సెట్టే తిరిగింది. మర్నాడు లోపలికి పిలిచారు. ఎదురుగా ముగ్గురు. నేను చంకలోని ఫైలు సర్దుకుంటుంటే మధ్యలో కూర్చున్నాయన ‘ఆల్ సెట్?’ అన్నాడు. నేను లేచి నిలబడి, ‘సారీ సర్, ఓన్లీ వన్ సెట్’ అన్నాను.

వాళ్లు నవ్వారు. నవ్వితే నవ్వారు, అందులో ఒకాయన బయటికి వెళ్లి పక్క గదిలోవాళ్లకు చెప్పి నవ్వించాడు. ఆ నవ్వు గోడ అవతలినుంచి నాకు వినిపించింది. ఉద్యోగం రాలేదన్న బాధ ఎప్పుడో పోయింది. ఆ గోడ అవతలి నవ్వు మాత్రం ఇన్నేళ్లయినా నాతోనే ఉంది.

మీరే న్యాయం చెప్పండి. ఏ మాటకైనా అర్థం దాని పక్కనున్న మాటల్లోంచీ, పలికిన చోటునుంచీ వస్తుంది. వాళ్ల ఉత్తరంలో సెట్ అంటే కాగితాల జత. నా చేతిలో ఉన్నది ఆ జత. నా భయం ఆ జత గురించే. అలాంటప్పుడు ఆయన అడిగినది ‘అంతా సిద్ధమేనా’ అని గాక, ‘అన్ని సెట్లూ ఉన్నాయా’ అని నాకు వినిపించడంలో అజ్ఞానం ఎంత, తర్కం ఎంత? 430 అర్థాలున్న మాటలో నేను ఆ గదికి అన్నిటికన్నా దగ్గరి అర్థాన్నే పట్టుకున్నాను.

అయితే ఈ తప్పులో నాకూ వాటా ఉంది, దాచను. తర్వాత నేను ఇంగ్లీషు పంతులునై, మొదటి పదేళ్లు పిల్లల చేత నోటుపుస్తకంలో నిలువు గీత కొట్టించి, ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు ఒక్క తెలుగు మాట రాయించాను. సెట్, సమితి. గణితంలో సమితులు ఉన్నాయి కనుక అది చాలనుకున్నాను. ‘సూర్యుడు సమితి అయ్యాడు’ అని ఒక పిల్లవాడు అనువాదం రాసుకొచ్చిన రోజున ఆ గీత కొట్టించడం మానేశాను.

మానేసి, మన ఇంట్లో ఉన్న ‘పెట్టు’ను బడికి తెచ్చుకున్నాను. మీ చేతుల్లో ఉన్న కరపత్రం వెనక్కి తిప్పండి, కలం ఉన్నవారు నాతో పాటు రాయండి. అన్నం పెట్టు, పేరు పెట్టు, బొట్టు పెట్టు, ముహూర్తం పెట్టు, దుకాణం పెట్టు, నిప్పు పెట్టు, ఒట్టు పెట్టు, చీవాట్లు పెట్టు, కోడి గుడ్డు పెట్టు. వీటిలో ముహూర్తం, నిప్పు ఇంగ్లీషులో సెట్‌తోనే పోతాయి. అన్నం పోదు, చీవాట్లు పోవు. మొదలుపెట్టు, విడిచిపెట్టు, కనిపెట్టు అన్నప్పుడు పెట్టడానికి అక్కడ వస్తువే లేదు. ఇంగ్లీషువాడు సెట్ పక్కన ఒక చిన్న మాట చేర్చి ‘బయలుదేరు’ అనీ, ఇంకొకటి చేర్చి ‘పక్కన ఉంచు’ అనీ చెప్పుకోవడం ఇదే పని. పెట్టుబడి వ్యాపారిది, పెట్టుపోతలు వియ్యాలవారివి. ‘పెట్టి పుట్టాలి’ అని ముసలమ్మ నిట్టూర్చినప్పుడు అది పూర్వజన్మ దాకా పోతుంది. ఈ అర్థాలన్నీ మనకు ఎవరూ బట్టీ పట్టించలేదు. నా నోట్లో ఉన్నవాటిని మా మనవరాలు పళ్ల సెట్టు అంటుంది, మా ఆవిడ పెట్టుడు పళ్లు అంటుంది. పళ్లు అవే.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, ముగిస్తాను. వ్యాకరణం ఇంకోసారి.

ఆ ఇంటర్వ్యూ రోజు రాత్రి నేను ఇల్లు చేరేసరికి మా అమ్మ పాలు తోడు పెడుతున్నది. కాగిన పాలు గోరువెచ్చన అయ్యాయో లేదో చూడడానికి చిటికెనవేలు ముంచింది, చెంచాలో పావు వంతు మజ్జిగ వేసి, రెండు సార్లు గిన్నెలోంచి గిన్నెలోకి వంచింది. పాలు పెరుగుగా గట్టిపడడానికి ఇంగ్లీషులో చెప్పేది కూడా ఈ సెట్ అనే మాటనేనని అప్పటికి నాకు తెలియదు, ఆమెకు చివరిదాకా తెలియదు. నేను జరిగినదంతా చెప్పి, వాళ్లు ఎందుకు నవ్వారో కూడా విడమరిచి చెప్పాను. ఆమె మూత పెడుతూ, ‘ఉన్నది ఒక్కటే గదా బిడ్డా, ఒక్కటే అని చెప్పినవ్. దానికి నవ్వుడెందుకు?’ అన్నది. గిన్నెను పొయ్యి పక్కకు జరిపి, దాన్ని పొద్దుటిదాకా ఎవరూ కదిలించవద్దని ఇంట్లో అందరికీ చెప్పింది.