ఒకో అంటే మొగుడా, పారా?

శ్రోతలకు నమస్కారం.

యోరుబా భాషలో 'ఒకో' అని ఒక మాట ఉంది. రెండక్షరాలూ సమంగా పలికితే భర్త. రెండోదాన్ని పైకెత్తితే పార. కిందికి దించితే బండి. రెండూ దించితే ఈటె. స్వరం కాస్త జారిందంటే ఆవిడ పొలానికి తీసుకెళ్లేది మొగుణ్ణో పారనో తేలదు!

నైజీరియా నైరుతి మూల, లాగోస్, ఇబాదాన్ వైపు మాట్లాడే భాష ఇది. యోరుబా సినిమాల్లో వేరే జాతివాళ్లు వేషం కడితే ప్రేక్షకులు ముందు చెవులే రిక్కిస్తారు. అలవాటు అలాంటిది. నాటకకర్త, నటుడు హ్యూబర్ట్ ఒగుండే లాంటివాళ్లు, మన సురభి వాళ్లలాగే, నాటక సమాజంతో ఊరూరా తిరిగారు. ఆయన నాటకమే 1979లో 'అయియే' సినిమా అయింది. సామెతలు, వంశస్తుతులు విని పెరిగిన జనం పలుకు తప్పితే ఊరుకుంటారా?

అలాగని బయటివాళ్లను రానివ్వలేదనుకోకండి. రెజీనా చుక్వు ఇబో జాతి మనిషి, మెర్సీ అయిగ్బే ఎడో రాష్ట్రం ఆవిడ. ఇద్దరికీ పేరు తెచ్చింది యోరుబా సినిమాలే. గొడవ ఎక్కడంటే, ఇంగ్లీషు సినిమాల్లో పేరున్న తారను పోస్టర్ కోసం తెచ్చి, డైలాగులు బట్టీ పట్టించినప్పుడు. ఏళ్ల తరబడి చిన్న వేషాలేస్తున్న స్థానిక నటులకు కడుపు మండదూ? ఆ మంట న్యాయమైనదే. 'వాళ్లు మన రక్తం కాదు' అని కొందరనే మాట మాత్రం నాకు మింగుడుపడదు. లాగోస్‌లో ఇంగ్లీషు బడుల్లో చదివిన యోరుబా పిల్లలకే స్వరాలు తడబడుతుంటే, తప్పంతా పుట్టుకదంటే ఎలా?

నోటితోనే అయిపోదు, ఒళ్లు కూడా పలకాలి. పెద్దవాళ్లను 'ఎ' అనాలి, ఈడువాళ్లను 'ఒ' అనొచ్చు. అచ్చం మన మీరు, నువ్వు. అత్తగారి ముందు అల్లుడు సాష్టాంగపడాలి. మనం గుడిలో చేసేదే, వాళ్లు ఇంట్లో చేస్తారు. ఏదో నడుం పట్టేసినట్టు సగం వంగి లేచాడనుకోండి, నోరు తెరవకముందే దొరికిపోయాడన్నమాట.

2022లో కున్లే అఫొలాయన్ తీసిన 'అనికులాపో' నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చాక ఈ భాష రానివాళ్లూ యోరుబా సినిమాలు చూస్తున్నారు. నేనూ ఆ బాపతే. తెర మీద ఎవరో 'ఒకో' అన్నప్పుడు ఇబాదాన్ ప్రేక్షకుడు ఫక్కున నవ్వితే నవ్వొచ్చు. నా కళ్ల ముందు సబ్‌టైటిల్‌లో మాత్రం 'భర్త' అనే ఉంటుంది.