కాగితం అంచుతో కదిలిన కారు

శ్రోతలకు నమస్కారం.

గ్రామఫోన్ రికార్డు తిరుగుతోందనుకోండి. ఒక రూపాయి బిళ్ళకు మధ్యలో పుల్ల గుచ్చి, బిళ్ళను నిలువుగా ఆ రికార్డు మీద ఆనించాం. రికార్డుతో పాటు బిళ్ళా తిరుగుతుంది. రికార్డు అంచు వైపు జరిపితే జోరుగా తిరుగుతుంది. లేబుల్ వైపు తెస్తే నెమ్మదిస్తుంది. నట్టనడుమకు తెస్తే ఆగిపోతుంది. నడుమ దాటించి అవతలికి జరిపితే వెనక్కి తిరుగుతుంది.

అంతే. గేర్‌బాక్సు లేదు, క్లచ్ లేదు. ఈ ఒక్క కిటుకు మీద అమెరికాలో ఒక కంపెనీ పదేళ్ళ పాటు కార్లు చేసి అమ్మింది. ఆ కారు పేరు కార్టర్‌కార్.

మిషిగన్ రాష్ట్రంలోని జాక్సన్ ఊరివాడు బైరన్ కార్టర్. సైకిళ్ళ వ్యాపారం నుంచి కార్లలోకి వచ్చాడు. ఈ రాపిడి డ్రైవ్‌ను నమ్ముకుని 1905లో సొంత కంపెనీ పెట్టాడు. 1908లో చనిపోయాడు. మరుసటి ఏడాది జనరల్ మోటార్స్ స్థాపకుడు డ్యూరంట్ ఆ కంపెనీని కొన్నాడు. ఇంకెవరి దగ్గరా లేనిది దీని దగ్గర ఉంది, రేపు ఇదే గెలవదని ఎవరు చెప్పగలరు? అదీ ఆయన లెక్క. 1915లో కార్టర్‌కార్ ఆగిపోయింది. చరిత్రకు ఈ మాత్రం చాలు. మనకు కావలసింది ఆ బిళ్ళ సంగతి.

ఇంజన్ వెనక లోహపు పళ్ళెం ఒకటి తిరుగుతుంటుంది. మన రికార్డు అదే. దానికి ఆనుకుని, అడ్డంగా ఉన్న ఇరుసు మీద చక్రం. మన బిళ్ళ అది. ఆ ఇరుసు నుంచి గొలుసు వెనక చక్రాలను తిప్పుతుంది. ఒక లీవర్ బిళ్ళను అటూ ఇటూ జరుపుతుంది. పళ్ళేనికీ బిళ్ళకూ మధ్య నొక్కుడు డ్రైవరు కాలి పని.

లెక్క కోసం బిళ్ళ వ్యాసార్ధం 20 సెంటీమీటర్లు అనుకుందాం. పళ్ళెం మధ్య నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో ఆనితే, పళ్ళెం ఒక చుట్టుకు బిళ్ళ ఒక చుట్టు. 5 సెంటీమీటర్ల దూరంలో ఆనితే, పళ్ళెం నాలుగు చుట్లకు బిళ్ళ ఒక చుట్టు. ఆ రెంటి నడుమ ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు. మూడు గేర్లా, నాలుగు గేర్లా అన్న ప్రశ్నే లేదు. ఆనాటి మామూలు కార్లలో గేరు మార్చడమంటే పళ్ళు పళ్ళు కొట్టుకుని కరకరమనేవి. దాంతో పోలిస్తే ఇది వెన్న.

మరి ఎందుకు నిలవలేదు?

సైకిలు డైనమో తెలిసినవాళ్ళు ఈపాటికే ఊహించి ఉంటారు. టైరుకు ఆని తిరిగే ఆ చిన్న బిళ్ళ వానలో ఏం చేసేది? జారేది. దీపం మసకబారేది. రాపిడి మీద బతికే యంత్రానికి పట్టే ప్రాణం. పట్టు కావాలంటే నొక్కుడు కావాలి. బిళ్ళ అంచు కాగితం, పళ్ళెం లోహం. ఆ రెంటి మధ్య రాపిడి గుణకం, అంటే నొక్కుడులో ఎన్నో వంతు లాగుడుగా పనికొస్తుందో చెప్పే అంకె, సుమారు 0.2 అనుకుంటే, వంద కిలోల లాగుడుకు ఐదు వందల కిలోల నొక్కుడు కావాలి. ఇంజన్ అదే తిప్పుడు ఇస్తున్నా, 5 సెంటీమీటర్ల దగ్గర లాగుడు 20 దగ్గర ఉన్నదానికి నాలుగింతలు. అంటే నొక్కుడూ నాలుగింతలు. ఇంజన్ల బలం పెరిగేకొద్దీ ఈ నొక్కుడును ఇరుసులు, బేరింగులు మోయాలి.

ఇంకో చిక్కు. బిళ్ళ అంచుకు వెడల్పు ఉంటుంది. 4 సెంటీమీటర్లు అనుకోండి. మధ్యకు దగ్గరగా, 5 దగ్గర నిలిపితే, దాని లోపలి కొస 3 దగ్గర, బయటి కొస 7 దగ్గర ఆనుతుంది. పళ్ళెం ఆ రెండు చోట్లా ఒకే వేగంతో కదలదు, బయట రెట్టింపుకు మించి ఉంటుంది. బిళ్ళ మాత్రం ఒక్కటే. కాబట్టి ఎంత గట్టిగా నొక్కినా కొంత ఒరుసుకుంటూనే ఉంటుంది. అదీ ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు లాగేటప్పుడు, పట్టు అత్యవసరమైన చోటే.

కాగితం అన్నాను కదా. గడ్డి అట్టను రింగులుగా కోసి, పక్కపక్కన పేర్చి, గట్టిగా అదిమి చేసిన అంచు అది. మూసిన పుస్తకం పేజీల కొసల్లాగా అట్ట కొసలు పళ్ళేన్ని తాకుతాయి. మెత్తటి పదార్థం బిళ్ళకే ఎందుకు? పళ్ళేనికి వేస్తే, జారిన చోటల్లా గుండ్రంగా గాడి పడుతుంది. ఆ గాడిలో బిళ్ళ ఇరుక్కుంటే పక్కకు జరపడమే కష్టం. అరిగేది ఎలాగూ అరుగుతుంది, మార్చడానికి వీలైన చోటే అరగనీ. నా దృష్టిలో ఈ కారులో తెలివంతా ఇక్కడే ఉంది.

బలహీనతా ఇక్కడే. కారు కదలకుండా పళ్ళెం మాత్రం తిరుగుతుంటే బిళ్ళ అంచు మీద ఒక్కచోటే రాపిడి. అక్కడ చదునవుతుంది. ఆ తర్వాత ప్రతి చుట్టుకూ ఒక దబ్. ప్రతి దబ్‌కూ కాస్త జారుడు. జారిన కొద్దీ ఆ చదును ఇంకా పొడుగు.

అందుకే ఇలాంటి కారు కదిలించడానికి ఒక వరస ఉంది. నొక్కుడు పూర్తిగా వదిలేసి, బిళ్ళను మధ్యకు దగ్గరగా తేవాలి. నట్టనడుమ కాదు, అక్కడ నొక్కితే అంచు రెండు పక్కలా ఎదురెదురుగా రాసుకుపోతుంది. ఇంజన్ వేగం కొద్దిగా పెంచాలి. అప్పుడు నొక్కాలి, తడబడకుండా, పూర్తిగా. మన కార్లలో హాఫ్ క్లచ్ అంటామే, అది ఇక్కడ పనికిరాదు. సగం నొక్కుడే అంచుకు శత్రువు. కారు కదిలాక, నొక్కుడు కాస్త సడలించి, బిళ్ళను బయటికి జరిపి, మళ్ళీ నొక్కాలి. పళ్ళెం ఆగి ఉండగా నొక్కి ఉంచి జరిపితే అట్ట చిరుగుతుంది.

వెనక్కి పోవాలంటే ముందు బండి ఆగాలి. రివర్సునే బ్రేకుగా వాడుకోవచ్చునని అప్పట్లో గొప్పగా చెప్పుకునేవారు. బ్రేకు పడుతుంది, నిజమే. కాగితం అరుగుతుంది, అదీ నిజమే.

చదును చిన్నదైతే, అంచుకు మందం మిగిలి ఉంటే, లేతు మీద గుండ్రంగా చెక్కించుకోవచ్చు. మందం లేకపోతే కొత్త అంచు. పళ్ళెం ముఖాన్ని మాత్రం ఎప్పటికప్పుడు పొడి గుడ్డతో తుడవాలి. గొలుసుకు నూనె పెట్టిన గుడ్డ కాదు, వేరే గుడ్డ.