మూడో రోజు బయటపడే పుండు

(నల్గొండలో నర్సింగ్ విద్యార్థులకు ఒక సీనియర్ నర్సు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. బైపాస్ అయిన మనిషిని చూడ్డానికొచ్చిన వాళ్లందరి కళ్లూ ఛాతీ మీది కట్టు మీదే ఉంటాయి. గుండె ఐసీయూలో పనిచేసినన్నాళ్లూ నేను మాత్రం, కదలకుండా పడుకుంటే ఒత్తిడికి వచ్చే పుండు ఉందేమోనని, ముందు దుప్పటి ఎత్తి మడమలు చూసేదాన్ని.

దేవరకొండ వైపు నుంచి ఒకాయన వచ్చాడు. బక్కపలచటి మనిషి, షుగరుంది. ఆపరేషన్ బాగా జరిగింది. మూడో రోజు ఒళ్లు తుడుస్తుంటే తోక ఎముక మీద నేరేడు పండు రంగు మచ్చ. వార్డులో పట్టించుకోలేదని కొడుకు గొడవపడ్డాడు. అతని కోపంలో సగం న్యాయముంది. కానీ ఆ పుండు మొదలైంది ఆపరేషన్ బల్ల మీదే అయ్యుండాలి. ఇలాంటప్పుడు లోపలి కండ ముందు దెబ్బతింటుంది, చర్మం మీద కనబడటానికి రెండు మూడు రోజులు పడుతుంది.

మనం నిద్రలో ఎన్నిసార్లు ఒత్తిగిలుతామో మనకే తెలీదు. మత్తులో ఉన్న మనిషికి ఆ వీలు లేదు. నాలుగైదు గంటలు వెల్లకిలా అలాగే ఉండాలి. ఆపరేషన్‌లో గుండె, ఊపిరితిత్తుల పని చేసిపెట్టే హార్ట్ లంగ్ మిషన్ మీద ఉన్నప్పుడు చాలామందికి ఒంటిని చల్లబరుస్తారు. తర్వాత బీపీ నిలబెట్టడానికిచ్చే నారడ్రినలిన్ లాంటి మందులు చర్మంలోని సన్న నాళాలను బిగిస్తాయి. గుండెకూ మెదడుకూ రక్తం అందుతుంది, మడమకు మాత్రం పస్తు.

ఇలాంటి పుండు ముప్పు ఎవరికుందో లెక్కగట్టే బ్రేడెన్ స్కేలు మీకు పరీక్షలో వస్తుంది. 6 నుంచి 23 దాకా మార్కులు, 18 లేదా అంతకన్నా తక్కువొస్తే ముప్పు. నిన్న నడుచుకుంటూ వచ్చి అడ్మిట్ అయిన మనిషికి 22 వస్తుంది. రేపు బల్ల మీద గడపబోయే గంటల లెక్క ఆ కాగితంలో లేదు. నాకు దాని మీద ఉన్న ఫిర్యాదు అదొక్కటే.

పుండు మొదలవుతుంటే ఎర్రబడిన చోట నొక్కినా తెల్లబడదని పుస్తకంలో చదివారు. మన ఎండల్లో కమిలిన నల్లటి ఒంటి మీద ఎరుపు ఎక్కడ కనబడుతుంది? చేత్తో తాకి చూడండి. పక్క చర్మం కన్నా వేడిగానో చల్లగానో, గట్టిగానో మెత్తగానో ఉంటే అనుమానించండి. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి వెన్ను వంగిపోయిన పెద్దవాళ్లున్నారు. చదునైన బల్ల మీద వాళ్ల బరువంతా రెండు మూడు ఎముకల మీదే పడుతుంది. ఆ మాట థియేటర్ వాళ్లకు ముందే చెప్పండి.

ఇంటివాళ్ల భయం వేరు. "ఎముక కోసిండ్రు గద సిస్టరమ్మా, కదిలిస్తే కుట్లు ఊడవా?" అని ఆ దేవరకొండ ఆయన భార్య అడిగింది. ఊడవమ్మా, ఎముకను స్టీలు తీగతో కట్టారు, చేతుల మీద బరువు వేసి లేవకుండా చూసుకుంటే చాలు అన్నాను. భుజం, తుంటి ఒకేసారి పట్టి మొద్దులా దొర్లించాలి. పూర్తిగా పక్కకు అక్కర్లేదు, వీపు వెనక దిండు పెట్టి కొద్దిగా వాల్చితే చాలు. పిక్క కింద ఇంకో దిండు పెడితే మడమ గాల్లో ఉంటుంది. కమిలిన చోట నూనె పెట్టి రుద్దొద్దు. గాలి ట్యూబు మీద కూర్చోబెట్టొద్దు, దాని అంచే నొక్కుతుంది.

మంచం తెప్పించాను. ఎవరైనా ఒకరు వచ్చి వెల్లకిలా పడుకోండి. నేను చెప్పేదాకా కదలొద్దు, ఎక్కడ ముందు నొప్పి పుడుతుందో మాకు చెప్పాలి.