వంద గజాల్లో దాక్కుని, వెయ్యి గజాల్లో దొరికిపోయేది

(తెరపై బొమ్మ: రెండు లక్ష్యపు కాగితాలు)

ఒకే రైఫిలు, ఒకే పెట్టెలోని తూటాలు అనుకుందాం. వంద గజాల కాగితం మీద ఐదు రంధ్రాలూ ఒక రూపాయి బిళ్ళ కింద దాగిపోయాయి. వెయ్యి గజాల కాగితం మీద మాత్రం నిలువునా బారులు తీరాయి. పక్కలకు చెదిరితే నెపం గాలి మీదకు నెట్టవచ్చు. నిలువుగా చెదిరితే ముందు వేగాన్నే అనుమానించాలి.

సెకనుకు 2,700 అడుగుల వేగంతో బయలుదేరే 6.5 క్రీడ్‌మోర్ (దూరపు గురికి వాడే ఒక రైఫిలు తూటా రకం) బుల్లెట్లను తీసుకోండి. రెండింటి మధ్య వేగంలో సెకనుకు 10 అడుగుల తేడా ఉంటే, వంద గజాల దగ్గర అది కంటికి ఆనదు. వెయ్యి గజాల దగ్గర సుమారు రెండున్నర అంగుళాలు పైకో కిందికో తగులుతుంది. కెనడాకు చెందిన జార్జ్ ఫార్క్వర్సన్ పేరు మీద వచ్చిన ఎఫ్-క్లాస్ అనే దూరపు రైఫిలు పోటీల్లో, ఆ దూరంలో నట్టనడిమి వలయం వ్యాసం 5 అంగుళాలే!

అమెరికాలో చాలామంది పోటీదారులు తూటాలను ఇంట్లోనే నింపుకుంటారు. (మన దేశంలో లైసెన్సు లేకుండా ఆ పని చేస్తే 1959 ఆయుధ చట్టం కింద నేరం. అక్కడైనా తుపాకిమందు కొలత తయారీదారు ప్రచురించిన పట్టికలోంచే తీసుకోవాలి, ఊహించి పోయకూడదు.) ఈ దారిలోకి వచ్చినవారి కన్ను మొదట ఖరీదైన త్రాసు మీద పడుతుంది. ఒక పౌనుకు 7,000 గ్రెయిన్లు. పొడవాటి మందు గింజ ఒక్కటి సుమారు 0.02 గ్రెయిన్ తూగుతుంది. ఆ ఒక్క గింజను పట్టకారుతో తీసి పక్కన పెడితే మారే వేగం సెకనుకు ఒక అడుగు. చాదస్తమే అంటాను.

(తెరపై: ఇత్తడి కేసు మెడ, దగ్గరగా)

అసలు దొంగ ఇక్కడున్నాడు. కేసు అంటే మందునూ బుల్లెట్‌నూ పట్టి ఉంచే ఇత్తడి గొట్టం, బుల్లెట్ కూర్చునేది దాని మెడలో. కాల్చినప్పుడు ఈ మెడ వ్యాకోచిస్తుంది, మళ్ళీ వాడేముందు డై అనే అచ్చులో నొక్కి బిగిస్తాం. ఇత్తడిని సాగదీసి నొక్కేకొద్దీ గట్టిపడుతుందని కంచరివారికి తెలిసిందే. ఒకసారి కాల్చిన కేసునూ ఐదుసార్లు కాల్చినదానినీ ఒకే పెట్టెలో కలిపితే, ఒకటి బుల్లెట్‌ను గట్టిగా పట్టుకుంటుంది, మరొకటి వదులుగా. దాంతో వేగం తూటా తూటాకూ మారుతుంది. బుల్లెట్‌ను మెడలోకి దించే ప్రెస్సు పిడి నొక్కుతుంటే ఆ తేడా చేతికే తెలుస్తుంది. అందుకే కేసులను వాడకం లెక్కన విడదీస్తారు, మెడను వేడిచేసి మెత్తబరుస్తారు. మెడను మాత్రమే! అడుగుభాగం మెత్తబడితే పేలుడు ఒత్తిడికి తట్టుకోలేదు, ప్రమాదం.

ఇంత శ్రమా పడి, చివరికి మూడంటే మూడే తూటాలు కాల్చి "అన్నిటికన్నా వేగమైనదానికీ నెమ్మదైనదానికీ తేడా 17 అడుగులే" అని మురిసిపోయేవారున్నారు. ప్రామాణిక విచలనం (సగటు వేగం చుట్టూ చెదురు ఎంతో చెప్పే కొలత) 10 అడుగులున్న తూటాలు సైతం మూడింటికి సగటున అంతే చూపిస్తాయి. పది కాలిస్తే 31, ఇరవై కాలిస్తే 37. తూటాలు మారలేదు, లెక్కపెట్టిన సంఖ్య మారింది. ఇరవై కాల్చిన తరువాత కూడా 17 దగ్గరే ఆగితే, మీ తూటాలను చూసి నేను తప్పకుండా అసూయపడతాను.